మనాది దిగుమతి సరుకు కాదు

డిప్రెషన్ మన జబ్బు కాదంటారు. పెళ్లి పందిట్లో, టీవీ చర్చలో, ప్రవచనాల వేదిక మీద, చదువుకున్న పెద్దమనుషుల నోట ఈ మాట పదే పదే వినబడుతుంది. కడుపు నిండిన దేశాల్లో పుట్టిందట. ఇంగ్లీషు చదువుల వెంట, సెల్‌ఫోన్ల వెంట మన దాకా వచ్చిందట. పొద్దున లేస్తే పొలం, పొద్దు గూకితే పడక అన్నట్టు బతికే మనిషికి కుంగిపోయే తీరిక ఎక్కడిదని అడుగుతారు. మన తాతలకు ఆ పేరే తెలియదంటారు. దీనికో రుజువు కూడా చూపిస్తారు: తెలుగులో దానికి సొంత మాట లేదు, పత్రికల వాళ్లు ‘కుంగుబాటు’ అని ఒకదాన్ని తయారు చేసుకోవలసి వచ్చింది, మాటే లేదంటే జబ్బూ లేనట్టే కదా అని.

మాట లేదన్న దగ్గరే ఈ వాదన కూలిపోతుంది. అక్కడే మొదలుపెడతాను.

తెలంగాణ పల్లెల్లో మనాది అనే మాట ఉంది. నిఘంటువు వెతికి పట్టుకొచ్చింది కాదు, కైకిలికి పోయే ఆడవాళ్ల నోట రోజూ నలిగే మాట. ‘గామె మనాది వెట్టుకున్నది’ అంటారు. ‘బిడ్డ మనాదితోనే మంచం వట్టిండు’ అంటారు. గుండెపోటుతో పోయాడు, పక్షవాతంతో పోయాడు అన్నంత మామూలుగా ‘మనాదితోని పాయె’ అంటారు. ఏడిస్తే తీరిపోయే దుఃఖాన్ని ఎవరూ మనాది అనరు. ఏడుపుంది, శోకముంది, వాటి మాటలు వాటికున్నాయి. నెలల తరబడి లోపల కూచుని మనిషిని తినేసేదే మనాది. బుక్క లోపలికి పోదు, కన్ను మూతపడదు, ఒళ్లు చిక్కిపోతుంది, నలుగురిలోకి రాబుద్ధి కాదు, ఒకటే తలపు గిర్రున తిరిగి అక్కడికే వస్తుంది, చివరికి ‘నేనెందుకున్న’ అన్న మాట నోటికొస్తుంది. మానసిక వైద్యుల పుస్తకం తెరవండి. దిగాలు, దేనిమీదా మనసు లేకపోవడం, నిద్ర చెడడం, ఆకలి చెడడం, నీరసం, మందకొడితనం, గురి కుదరకపోవడం, తనను తాను నిందించుకోవడం, చావు తలపులు. వీటిలో ఐదైనా కనీసం రెండు వారాల పాటు ఉంటే జబ్బు అంటుందా పుస్తకం. అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ తరహా కొలత పెట్టింది 1980లో. మా ఊరి ముసలమ్మలు ఆ పుస్తకం చదవలేదు. అయినా ఎవరికి మనాది పట్టిందో, ఎవరిది నాలుగు రోజుల బాధో వాళ్లకు తెలుసు.

ఈ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. సంస్కృతంలో ఒంటి బాధకు వ్యాధి, మనసు బాధకు ఆధి అని విడివిడిగా పేర్లున్నాయి. ఆధి అంటే మానసికమైన వ్యథ అని అమరకోశం చెబుతుంది. ఆధివ్యాధులు అని మనం జంటగా వాడేది ఈ రెంటినే. వాడేటప్పుడు రెండో సగమే తలచుకుని మొదటి సగాన్ని మరిచిపోతుంటాం. మనసుకు పట్టిన ఆధి మనాది అయిందన్నా, మనోవ్యాధి నోట్లో అరిగి అరిగి మనాదిగా మిగిలిందన్నా వచ్చే అర్థం ఒకటే. ‘మనేద’ అన్న మాట కూడా దీని బంధువే. పండితుల కోశంలోని భావం పలుగురాళ్ల దారుల్లో నడిచే మనుషుల నోటికి చేరి, రూపం మార్చుకుని, ఇన్ని వందల ఏళ్లు బతికిందంటే ఏమిటర్థం? అవసరం లేని మాటను జనం ఇంతకాలం మోయరు.

మనాది ఒంటరి మాట కూడా కాదు. దిగులు ఉంది. కన్నడంలో దిగిలు అన్నా, తమిళంలో తిగిల్ అన్నా భయం. తెలుగు మాటలో భయమూ ఉంది, బాధా ఉంది. ఆందోళన, కుంగుబాటు రెండూ ఒకే మనిషిలో కలిసి తిరుగుతాయని ఇవాళ వైద్యులు చెబుతున్న సంగతిని దిగులు అన్న ఒక్క మాట ఎప్పుడో పట్టుకుంది. బెంగ ఉంది, అది దూరమైన మనిషి కోసం పెట్టుకునేది. తల్లి పురిటికి పోతే పసిబిడ్డ బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటుందని తెలియని ఇల్లాలు లేదు. విషాదం ఉంది. దీన్ని విషంతో ముడిపెట్టేవాళ్లున్నారు గానీ, విషాదానికీ విషానికీ చుట్టరికం లేదు. ‘సద్’ అన్న ధాతువుకు కూలబడడం, కుంగడం అని అర్థం; దాని ముందు ‘వి’ చేరి విషాదం అయింది. అంటే విషాదం అక్షరాలా కుంగుబాటే. పత్రికల వాళ్లు తయారు చేశారంటున్న మాట కూడా కొత్తది కాదన్నమాట. గోడ కుంగుతుంది, నేల కుంగుతుంది, మనిషి కుంగుతాడు అని తెలుగువాడు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నాడు.

ఇంగ్లీషు మాట సంగతీ చూద్దాం. డిప్రెషన్ అన్నది లాటిన్‌లో కిందికి అణచడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. దాన్ని ఈ జబ్బుకు పేరుగా వైద్యులు స్థిరపరచుకున్నది 19వ శతాబ్దంలో, 20వ శతాబ్దం మొదట్లో. అంతకుముందు యూరప్‌లో దీని పేరు మెలంకోలియా, నల్లపిత్తం అని దాని అర్థం. ఒంట్లో నాలుగు రసాలున్నాయనీ, వాటిలో నల్లపిత్తం ముదిరితే మనిషి ఇలా అవుతాడనీ గ్రీకు వైద్యులు నమ్మారు. రాబర్ట్ బర్టన్ అనే ఇంగ్లీషు పండితుడు 1621లో ఈ మెలంకోలియా మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆనాటి ఇంగ్లీషువాడి నోట ఈ జబ్బుకు డిప్రెషన్ అన్న పేరు లేదు. మాట లేదు కాబట్టి జబ్బు లేదనేవారి తర్కాన్ని నడిపిస్తే, బర్టన్ కాలపు ఇంగ్లండులో కుంగిన మనిషే లేడనాలి. ఆ మాట ఎవరూ అనరు. తెలుగు పల్లె గురించి మాత్రం ఎందుకంటారు?

సంస్కృతంలోనూ తెలుగులోనూ లాటిన్‌లోనూ ఈ బాధకు పేరు వెతికినవాళ్లు ఒకే చోటికి, కిందికి దిగడం దగ్గరికి వచ్చి చేరారు. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నది కాదు. తల వాలి, భుజాలు జారి, మాట నెమ్మదించి, అడుగు బరువెక్కిన మనిషి అందరి వాకిళ్లలోనూ కనిపించాడు.

ప్రవచనాల వేదిక మీద నుంచి వచ్చే మాటకు కొంచెం వివరంగానే జవాబు చెప్పాలి, దాని మాటకు జనంలో బరువు ఎక్కువ కనుక. మనది ఆధ్యాత్మిక భూమి, ఇక్కడ మనసు రోగాలకు చోటు లేదు, భగవద్గీత చదివితే చాలు అంటారు. గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. కాళ్లు పట్టు తప్పడం, నోరెండిపోవడం, ఒళ్లు వణకడం, చర్మం మండడం, చేతిలోని గాండీవం జారిపోవడం, మనసు గిర్రున తిరగడం అన్నీ అందులో వరసగా ఉన్నాయి. అర్జునుడికి డిప్రెషన్ అని నేననడం లేదు. యుద్ధభూమిలో ఒక గడియ సేపు కలిగిన కలతకు రోగం పేరు పెట్టడం తొందరపాటు. నేను చూపించదలచింది వేరు. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు ఏం చేశాడో గమనించారా? మందలించాడు. ఈ పిరికితనం నీకు తగదు, లే అన్నాడు. మనవాళ్లు కుంగిన మనిషికి చెప్పేది సరిగ్గా అదే: ధైర్యం తెచ్చుకో, లే, పని చూసుకో. ఆ మందలింపు విన్న తర్వాత అర్జునుడు లేచాడా? లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి మౌనంగా ఉండిపోయాడు. ఆ తర్వాతే అసలు సంభాషణ మొదలై పద్దెనిమిదో అధ్యాయం దాకా సాగింది. అర్జునుడు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు, అవతలివాడు విసుక్కోకుండా ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాడు. గీతను అడ్డం పెట్టుకుని కుంగినవాణ్ణి గద్దించేవాళ్లు కృష్ణుడి ఆ మందలింపు శ్లోకాల దగ్గరే పుస్తకం మూసేస్తున్నారు.

యోగవాసిష్ఠం మొదలయ్యేదే తిండి మానేసి, ఒళ్లు చిక్కి, దేనిమీదా ఇచ్ఛ లేక కూచున్న రాకుమారుడితో. తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చిన రాముడు అలా అయిపోతే దశరథుడు కంగారుపడతాడు. ఆ గ్రంథంలోనే ఆధి నుంచి వ్యాధి ఎలా పుడుతుందో వివరించిన ఘట్టం ఉంది. మడికి సింగన దీన్ని తెలుగులోకి తెచ్చాడు. ఇక చరకుడు, రోగాన్ని పెంచేవాటిలో అన్నిటికన్నా ముందు విషాదాన్ని చెప్పాడు. ఇంత చెప్పిన సంప్రదాయం పేరు మీదే మనకీ జబ్బు తెలియదనడం ఆ సంప్రదాయాన్ని చదవకపోవడం.

ఇప్పుడు పట్నం జబ్బు అన్న మాటకు వద్దాం. ఇందులో ఒక పాలు నిజముంది, దాచను. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో కుంగుబాటు మహానగరాల్లో ఎక్కువగా కనిపించింది. అదే సర్వేలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డవారే. వీరిలో నూటికి 85 మందికి వైద్యం అందలేదు. కడుపు నిండినవాళ్ల జబ్బు అన్నదానికైతే అందులో ఆధారమే లేదు. మానసిక రోగాలు తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలోనే ఎక్కువని తేలింది. 2017 లెక్కలతో వచ్చిన మరో పెద్ద అధ్యయనం దేశంలో కుంగుబాటు ఉన్నవారు 4.57 కోట్లని అంచనా కట్టింది. ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి.

పల్లెలో జబ్బు కనబడకపోవడానికి కారణం పల్లెలో లేకపోవడం కాదు. అది అక్కడ ఏ రూపంలో ఆసుపత్రి మెట్లెక్కుతుందో మా జగిత్యాల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూశాను. వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఆమె కొడుకు దుబాయి పోయి, అక్కడ పని పోగొట్టుకుని, ఇంటికి ఫోను చేయడం మానేసిన కాలం అది. నేనే ఆమెను వెంటబెట్టుకుపోయాను.

‘ఏమైతాంది అవ్వా?’ అన్నాడు డాక్టరు.

‘పానం బాగుంట లేదు సారూ. కాళ్లు గుంజుతున్నై. తలకాయ దిమ్మగుంటది. బుక్క వోతలేదు.’

‘నిద్ర పడుతుందా?’

‘నిద్రేడిది? కోడి కూసేదాక సూరు దిక్కే సూసుడు.’

బీపీ చూశాడు, బాగానే ఉంది. గ్యాసుకు గోలీలు, బలానికి గోలీలు, నొప్పులకు పూసుకునే మందు రాసిచ్చాడు. అతన్ని తప్పుపట్టను, వెనక బారెడు వరస ఉంది. అంతకుముందు రెండు నెలలూ ఆమె ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంది, గ్లూకోజు ఎక్కించుకుంది. ఇంటికొస్తుంటే ఆటోలో పక్కన కూచున్న ఆమె, ఎవరో ఏమో, పెద్దమ్మ ముఖం ఒక్కసారి చూసి ‘ఏమక్కా, కొడుకు మనాదా?’ అంది. పెద్దమ్మ అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో ఎవరూ అడగని ప్రశ్న అది.

పానం అన్న మాట గమనించాలి. పల్లె మనిషికి పానం అంటే ఒళ్లూ అదే, మనసూ అదే. పానం బాగలేదని ఆమె చెప్పినప్పుడు రెండూ చెప్పింది. విన్నవాళ్లు ఒకటే విన్నారు. ఇది మన ఒక్కరి కథ కాదు. ఆర్థర్ క్లీన్‌మన్ అనే వైద్యుడు 1980 ప్రాంతంలో చైనాలోని హునాన్‌లో నరాల బలహీనత అని రాసుకున్న 100 మంది రోగులను పరీక్షిస్తే, 87 మందిలో కుంగుబాటు లక్షణాలు బయటపడ్డాయి. తలనొప్పి, నీరసం, నిద్రలేమి అని వచ్చినవాళ్లే వాళ్లంతా. సాంస్కృతిక విప్లవ కాలంలో మనసు బాగలేదంటే రాజకీయంగా తప్పు ఆలోచన కింద లెక్కగట్టేవారు. నరాల బలహీనత అంటే ఆ భయం లేదు. అక్కడా పైకి చూస్తే చైనాలో డిప్రెషన్ లేదనే అనిపించింది.

మనవాళ్లు జనం మాటను వదిలేసి కాగితం మాట పట్టుకున్నప్పుడు ఇంకో నష్టం జరుగుతుంది. కుంగుబాటును పసిగట్టడానికి తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడతారు. పనులు చేయడంలో ఆసక్తి తగ్గిందా అన్న ధోరణిలో మొదలవుతుంది. మిరపకాయ కోతకు పోయే మనిషిని ఆ ప్రశ్న అడిగి చూడండి. ‘ఆసక్తేంది? పోకుంటే పూటెట్ల గడుస్తది?’ అంటుంది. ఆ ప్రశ్నకు ఆమెకు సున్నా పడుతుంది, మిగతావీ ఇలాగే పోతే జబ్బు లేదని తేలుతుంది. ఆ లెక్క చూసి పల్లెలో ఈ జబ్బు తక్కువని మళ్లీ చెబుతారు.

వీటన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఇంకోటుంది. దాన్ని లేవనెత్తేవాళ్లు మంచివాళ్లు, పేదల పక్షం వాళ్లు. పల్లెలో ఉన్నది రోగం కాదు, కష్టం అంటారు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు ప్రాణాలు తీసుకుంటే, దానికి కారణం పురుగు, నకిలీ మందులు, వడ్డీలు. మెదడు కాదు అంటారు. అప్పుకు మాత్రలు మందా అని నిలదీస్తారు. ఈ ప్రశ్నకు తల వంచాల్సిందే. మనాది అన్న మాట కూడా ఒక మేరకు వాళ్ల పక్షానే ఉంది. ఊళ్లో ఎవరూ ఉత్త మనాది అనరు. కొడుకు మనాది, బిడ్డ మనాది, భూమి మనాది, అప్పు మనాది. కారణం మాటలోనే ఉంటుంది. వైద్య గ్రంథం లక్షణాలు లెక్కపెట్టి కారణాన్ని పక్కన పెట్టింది. చావు దుఃఖానికి మొదట ఇచ్చిన మినహాయింపును కూడా 2013లో తీసేసింది. ఈ విషయంలో మా ఊరి మాటే ఎక్కువ తెలిసిన మాట అని నా నమ్మకం.

కానీ కారణం తెలిసినంత మాత్రాన రోగం రోగం కాకుండా పోతుందా? క్షయకు ఆకలి కారణం, ఇరుకు ఇల్లు కారణం. అందుకని క్షయ రోగికి మాత్రలొద్దని ఎవరైనా అన్నారా? మందులిస్తూనే తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చింది, తర్వాత 1,000 చేసింది. అప్పు మనాది పట్టిన రైతుకు అప్పూ తీరాలి, జబ్బూ తగ్గాలి. మూడు నెలలుగా నిద్రలేని మనిషి, ముద్ద మింగలేని మనిషి, తాను ఇంటికి బరువని తేల్చేసుకున్న మనిషి పంటబీమా కాగితాల కోసం మండలాఫీసు చుట్టూ ఎలా తిరుగుతాడు? వడ్డీ మాఫీ అయ్యేదాకా అతని నిద్ర సంగతి ఆగాలనడం అతని మీద ప్రేమ కాదు. కష్టం ఊరందరికీ వచ్చిన ఏడాది కూడా కుంగిపోయి మంచం పట్టేది కొందరే. ఆ కొందరిని గుర్తుపట్టడానికే ఊరు ఆ మాటను పుట్టించుకుంది.

మన నోట్లోనే తిరిగే ఇంకో మాటను కూడా ఇక్కడే ఎదుర్కోవాలి: మనోవ్యాధికి మందు లేదు. ఈ సామెత పుట్టిన కాలంలో అది నిజమే. 1950ల దాకా నిజమే. 1952లో న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయకని ఇచ్చిన ఇప్రోనియాజిడ్ అనే మందుతో రోగులు అనుకోనంత హుషారుగా తయారయ్యారు. 1957లో స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ కుంగినవారిపై పనిచేస్తుందని ప్రకటించాడు. ఆ వరసలో వచ్చిన అమిట్రిప్టిలిన్, ఫ్లూయాక్సెటిన్ ఇవాళ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఇవి అందరికీ పనిచేయవు. పనిచేసేవారికీ రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇబ్బందులూ కొన్ని ఉంటాయి. మెదడులో ఫలానా రసాయనం తగ్గిందన్న సులువు కథ కూడా నిలబడలేదు. అయినా మందు లేదన్న మాట ఇవాళ చెల్లదు. ఆ సామెత చెప్పి ఒక మనిషిని ఇంట్లో పడుకోబెట్టడం తప్పు.

మందొక్కటే దారి కూడా కాదు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడే జనం ఈ బాధను కుఫుంగిసిస అంటారు, అతిగా ఆలోచించడమని అర్థం. డిక్సన్ చిబండా అనే మానసిక వైద్యుడు హరారేలో 2006లో ఆ మాటతోనే పని మొదలుపెట్టాడు. అక్కడి అమ్మమ్మలకు తర్ఫీదు ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెక్క బల్ల వేయించి, వచ్చినవాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడించాడు. డిప్రెషన్ అన్న మాట ముందుకు తెచ్చి ఎవరినీ బెదరగొట్టలేదు. 2016లో ఫలితాలు ప్రకటించారు. 24 కేంద్రాల్లో 573 మందిని చూస్తే, మామూలు వైద్యం పొందినవారిలో ఆరు నెలల తర్వాత సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. అమ్మమ్మల బల్ల దగ్గర కూచున్నవారిలో 14 శాతం మందికే మిగిలాయి.

మనకు ఆశా కార్యకర్తలున్నారు, నర్సమ్మలున్నారు, 2022 అక్టోబరు నుంచి మానసిక సహాయానికి టెలి మానస్ ఫోను నంబరు 14416 ఉంది. మాట కూడా ఉంది. మానసిక ఆసుపత్రులున్న చోట్లు కనుక, హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నా, విశాఖలో చినవాల్తేరు అన్నా జనం ముఖం తిప్పుకుంటారు. పిచ్చి అన్న ముద్ర పడుతుందని భయం. మనాది అన్న మాటకు ఆ మచ్చ లేదు. మనాది ఉందని ఒప్పుకుంటే ఎవరి పెళ్లీ ఆగదు, ఎవరి పరువూ పోదు. అడిగితే చెబుతారు. తొమ్మిది ప్రశ్నల పట్టిక తీయకముందే, బీపీ పట్టీ చేతికి చుడుతూనే, ‘ఏమన్న మనాది పెట్టుకున్నవా అవ్వా?’ అని ఆ నర్సమ్మ అడగాలి. అలా అడగాలని ఆమెకు తర్ఫీదులోనే నేర్పాలి.